రెండు టాక్సీలు, ఒక రాతికోట

న్యూజెర్సీలో మన తెలుగువాళ్లు సెలవులకి ఎక్కడికి వెళ్తారో అందరికీ తెలిసిందే. నయాగరా, డిస్నీ, వాషింగ్టన్‌లో తెల్లభవనం ముందు ఒక ఫోటో. ఎనభైల మధ్యలో ఒక ఆదివారం, ఐసెలిన్‌లో మన ఆరాధన అయ్యాక, మేము పెరూ వెళ్తున్నామని చెప్తే కాఫీ కప్పులు పట్టుకున్న వాళ్లంతా నా వైపు తిరిగారు.

"అక్కడేముందమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"గోడ ఉందండీ," అన్నాను.

ఆయన ఇంకేదో చెప్తానని కాసేపు చూశారు. నా దగ్గర ఇంకేమీ లేదు. నిజంగానే గోడ కోసమే వెళ్లాను.

మా నాన్న బాపట్లలో మిషన్ వాళ్ల దగ్గర తాపీమేస్త్రీ. సున్నం గానుగ ఆడించేటప్పుడు బెల్లం నీళ్లు, కరక్కాయ రసం ఎంత పడాలో ఆయనే చూసుకునేవాడు. గోడ ప్రాణమంతా సున్నంలోనే ఉంటుందని వింటూ పెరిగినదాన్ని. జెర్సీ సిటీ ఆసుపత్రిలో నాతో పనిచేసే లుస్ అనే నర్సుది పెరూలోని కుస్కో. ఒకరోజు తన ఊరి కోట ఫోటో చూపించింది. ఏనుగంతేసి రాళ్లు. మధ్యలో సున్నం లేదు, సిమెంటు లేదు. "మరి దేంతో అతికించారు?" అన్నాను. "అతికించలేదు. కూర్చోబెట్టారు, అంతే," అంది. అప్పట్నుంచి నాకు ఆ గోడ మీద మనసుపడిపోయింది.

ఒక్కదాన్నే వెళ్దామనుకున్నాను. తమ్ముడు ప్రసాద్ వింటే కదా! నేను నర్సుగా ముందొచ్చి, తర్వాత వాణ్ణీ, చెల్లెలు కరుణనీ ఈ దేశానికి పిలిపించాను. ఈ హడావుడిలో నా పెళ్లి ఊసు వాయిదా పడుతూ పడుతూ చివరికి మర్యాదగా తప్పుకుంది. "నువ్వొక్కదానివీ ఎలా వెళ్తావక్కా? మేమంతా వస్తాం," అన్నాడు. అలా ఏడుగురం తేలాం. ప్రసాద్, వాడి భార్య విమల, కూతురు షీలా ఒక ఇల్లు. కరుణ, భర్త డేవిడ్, కొడుకు బాబీ ఇంకో ఇల్లు. నేను ఏ ఇంటికి ఆ ఇంటి మనిషిని.

లీమా

జూన్‌లో వెళ్లాం. మనకి మండు వేసవి, వాళ్లకి చలికాలం. రాజధాని లీమా ఊరంతా తడిబట్ట కప్పినట్టు బూడిదరంగు మబ్బు. వాన పడదు, ఎండ రాదు. విమానాశ్రయంలో తుపాకులు పట్టుకున్న సైనికులు నిలబడి ఉన్నారు. కొండల్లో తీవ్రవాదుల గొడవ ఉందని పేపర్లలో చదివే వెళ్లాం గానీ, చదవడం వేరు, తుపాకీ పక్కనుంచి సూట్‌కేసు లాక్కుంటూ నడవడం వేరు.

అక్కడ ధరలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. హోటల్లో మెనూ కార్డు మీద పాత ధర కనపడకుండా కాగితం ముక్క అంటించారు. దాని మీద ఇంకోటి. బాబీ గోటితో గీకి కింద ఎన్ని ధరలున్నాయో చూడబోతే వెయిటరు నవ్వి కార్డు లాగేసుకున్నాడు. డాలర్లు మార్చితే వచ్చిన నోట్లకట్ట డేవిడ్ కోటు జేబులో పట్టక నా చేతిసంచిలోకి వచ్చింది. ఆ సంచిలో అప్పటికే అందరి పాస్‌పోర్టులు, బాబీ మందులు, విమల కళ్లజోడు, ఒక గోంగూర సీసా ఉన్నాయి.

ఆకుల టీ

కుస్కోలో విమానం దిగి పది అడుగులు వేశామో లేదో ఊపిరి అందడం మానేసింది. అంత ఎత్తున్న ఊరది. హోటలు వాళ్లు మమ్మల్ని కూర్చోబెట్టి, వేడినీళ్లలో ఆకులు వేసిన కప్పులు చేతికిచ్చారు.

డేవిడ్ మందుల కంపెనీలో కెమిస్టు. కప్పులోకి తొంగిచూసి, "వదినగారూ, ఇది కోకా ఆకు కదా, కొకైన్ తీసేది? రేపు ఆఫీస్‌లో టెస్ట్ చేస్తే నా జాబ్ ఏం కావాలి?" అన్నాడు.

"మనం సంఘంలో మందు ముట్టమని ప్రమాణం చేసినవాళ్లం," అని విమల కూడా కప్పు పక్కన పెట్టింది.

నేను అందరి నాడీ పట్టుకు చూసి, నర్సుగా ఆజ్ఞాపిస్తున్నాను తాగండి అన్నాను. ఎండుగడ్డి కషాయంలా ఉంది. గంటకి తలనొప్పులు సగం తగ్గాయి. తగ్గాక డేవిడ్ ఇంకో కప్పు అడిగాడు.

బజారు

మర్నాడు ఊళ్లో బజారుకి వెళ్లాం. బంగాళాదుంపలు ఇన్ని రంగులుంటాయని నాకు తెలీదు. ఊదా, పసుపు, నలుపు, అల్లంకొమ్ములా వంకర్లు తిరిగినవి. రాత్రి మంచులో పెట్టి, పగలు ఎండలో ఆరేసి, కాళ్లతో తొక్కి నీరు తీసి ఏళ్ల తరబడి దాచుకునే దుంపలు కూడా ఉన్నాయి. మన వడియాల బుద్ధే వాళ్లదీను. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు.

ఒకచోట ఎర్రగా, టమాటోలా గుండ్రంగా మిరపకాయలు పోసి ఉన్నాయి. అమ్మే ఆవిడ వద్దు వద్దని చెయ్యి ఊపింది. ప్రసాద్ వినలేదు.

"మనం గుంటూరు జిల్లా వాళ్లం. మనకి ఇదో లెక్కా?" అని సగం కొరికాడు.

కళ్లమ్మట నీళ్లు ధారకట్టాయి. ఆ వరసలో అమ్మకాలు ఆగిపోయి, ఆడవాళ్లంతా కొంగుల్లాంటి శాలువాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. అటుపక్క నిప్పుల మీద కాలుతున్నదేమిటో చూడబోయిన షీలా కెవ్వున అరిచింది. "డాడీ, దట్స్ అ గినీ పిగ్! మా క్లాస్‌లో ఉంది అది! దాని పేరు పీనట్!" వాళ్ల నాన్న జవాబు చెప్పే స్థితిలో లేడు. ఆ పూట అందరం బ్రెడ్డూ గోంగూరా తిన్నాం.

గోడ

ఆ మధ్యాహ్నమే కోటకి వెళ్లాం. పేరు సక్సైవామన్. స్పెయిన్ వాళ్లు రాకముందు ఆ దేశాన్నేలిన ఇన్కాలు కట్టింది. ఊరికి పైన కొండమీద ఉంటుంది. నడవలేమని రెండు టాక్సీలు మాట్లాడాం. ప్రసాద్ వాళ్లు ఒకదాంట్లో, కరుణ వాళ్లు ఒకదాంట్లో. బాబీకి వాంతి వస్తుందంటే నేను వాడి పక్కన కూర్చున్నాను.

కొండవీడు కోట చిన్నప్పుడు చూశాను. అలా ఉంటుందనుకున్నాను. కాదు. పచ్చటి మైదానం పక్కన మూడు గోడలు, ఒకదాని మీద ఒకటి మెట్లలా. నేరుగా పోవు. రంపపు పళ్లలాగా ముందుకీ వెనక్కీ వంకర్లు కొడుతూ పోతాయి. మూలల్లో ఉన్న రాళ్ల పక్కన ప్రసాద్ నిలబడితే వాడి తలమీద ఇంకో ఇద్దరు నిలబడితే గానీ రాయి పైఅంచు అందదు. అంత రాయికి కూడా అంచులు దిండులా గుండ్రంగా తిరిగి ఉన్నాయి. ఏ రాయీ పక్కరాయిలా లేదు. ఒకదానికి ఎక్కడ గుంట ఉందో, పక్కదానికి సరిగ్గా అక్కడే బుడిపె ఉంది. అతుకులో గోరు పెట్టి చూశాను, దూరలేదు. తలపిన్ను పెట్టాను, అదీ దూరలేదు. నాన్న ఉంటే తాపీ కింద పెట్టి నేలమీద కూర్చునేవాడు.

ఇంకో సంగతి అక్కడే తెలిసింది. ఈ కోట పైన ఒకప్పుడు బురుజులుండేవట. స్పెయిన్ వాళ్లు వచ్చి, మోయగలిగిన రాళ్లన్నీ మోసుకుపోయి కింద చర్చిలు, ఇళ్లు కట్టుకున్నారు. మోయలేనివే ఇప్పుడు మనకి మిగిలాయి. పొద్దున బజారుకి పోతూ నేను మోకరించి ప్రార్థన చేసిన పెద్ద చర్చి గోడల్లోనూ ఈ కోట రాళ్లున్నాయన్నమాట. అమరావతి స్తూపం రాళ్లు సున్నపు బట్టీలకి పోయాయని మా ఊళ్లో చెప్పుకుంటుంటే పాపిష్టివాళ్లని తిట్టేదాన్ని. ఇక్కడ తిట్టాలంటే కాస్త నోరు రాలేదు.

మావాళ్లకి కోట తొందరగానే అయిపోయింది. చలిగాలి, తలనొప్పి, పిల్లల ఏడుపు. ఫోటోలు తీసుకున్నారు.

"అక్కా, చూశాం కదా, ఇంక బయల్దేరదాం. పిల్లలు ఫ్రీజ్ అయిపోతున్నారు," అన్నాడు ప్రసాద్.

"మీరు పదండి, ఆ మలుపు దాకా వెళ్లొస్తా," అన్నాను.

మలుపు దాటితే ఇంకో మలుపు కనిపించింది. ఆ గోడ చేసే మాయ అదే. తిరిగొచ్చేసరికి టాక్సీలు లేవు.

నేను మొదట కంగారుపడలేదు. ఎలా జరిగిందో అక్కడికక్కడే అర్థమైపోయింది. మనవాళ్లు రెండు కార్లలో బయల్దేరారంటే ఎప్పుడూ ఇంతే. వీళ్ల కార్లో ఉన్నారని వాళ్లు, వాళ్ల కార్లో ఉన్నారని వీళ్లు. మా సంఘంలో ఒకసారి హార్మోనియం ఇలాగే పార్కింగ్‌లో ఉండిపోయింది. హోటల్లో దిగగానే చూసుకుంటారు, వెంటనే వెనక్కొస్తారు అనుకున్నాను.

సెబస్తియానా

కోట ఎదురుగా నున్నటి బండ ఒకటి ఉంది. దాని మీద పిల్లలు జారుడుబల్ల ఆడినట్టు జారుతున్నారు. వందల ఏళ్లుగా జారీ జారీ బండ అద్దంలా తయారైంది. చీర మీద కోటు, కాళ్లకి స్నీకర్లు. నా వైపు చూసేవాళ్లెవరూ లేరు. కుచ్చెళ్లు దగ్గరికి బిగించి కూర్చున్నాను. సర్రున జారి కింద గడ్డిలో పడ్డాను. మళ్లీ ఎక్కి జారాను. ఇది మా పిల్లలు చూస్తే ఏమనేవాళ్లో గానీ, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

బండ దగ్గర ఒకావిడ మొక్కజొన్నపొత్తులు అమ్ముతోంది. దాదాపు నా వయసే. రెండు జడలు, నెత్తిన టోపీ. గుడ్డలో చుట్టిన బుట్టలో ఉడికించిన పొత్తులు పొగలు కక్కుతున్నాయి. గింజ ఒక్కొక్కటీ బొటనవేలి గోరంత. దాంతో ఒక జున్నుముక్క ఇస్తారు. మనం నిప్పులమీద కాల్చి ఉప్పూ నిమ్మకాయా కారం రుద్దుతాం. వీళ్లది చప్పగా, పాలలా ఉంటుంది. ఐసెలిన్‌లో కొత్తిమీర కట్టకిచ్చే డబ్బుతో నలుగురు తినొచ్చు.

తింటూ మాట కలిపాను. నాకు స్పానిష్ వచ్చు. అంటే, వార్డులో రోగులతో మాట్లాడేంత వచ్చు. ఎక్కడ నొప్పి, నోరు తెరవండి, ఊపిరి గట్టిగా పీల్చండి, విరేచనం అయిందా. ఇంతకు మించి ఒక్క ముక్క రాదు. వీటిలో మర్యాదగా ఉన్నది మొదటిదే గనక, "ఎక్కడ నొప్పి?" అన్నాను.

ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోకుండా మోకాలు చూపించింది.

వాపు ఉంది. నొక్కి చూసి, నా సంచిలోని బామ్ రాశాను, గుడ్డ కట్టాను. ఆవిడ పేరు సెబస్తియానా. పొత్తుకి డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టి, ఇంకోటి ఒళ్లో పెట్టింది. చుట్టూ చూసి, "ఫమీలియా?" అంది. నీ వాళ్లేరీ అని.

"ఇప్పుడే వస్తారు," అన్నాను. ఆ మాటా వార్డులోదే. డాక్టరుగారి కోసం ఎదురుచూసే రోగులతో రోజూ అనేది. వాళ్లు నన్ను ఎలా చూస్తారో సెబస్తియానా కూడా అలాగే చూసింది.

ఎండ గోడమీద నుంచి మెల్లగా పైకి పాకింది. గొర్రెల్ని తోలుకుని ఒక ముసలాయన వెళ్లిపోయాడు. కింద ఊరి ఎర్రపెంకుల కప్పులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కాస్త ఓపిక చేసుకుంటే నడిచి దిగిపోవచ్చు. దారి తప్పే ప్రశ్నే లేదు. అయినా కదల్లేదు. నేను లేనని వాళ్లకి ఎప్పుడు తెలుస్తుందో చూడాలనిపించింది. దారి వైపు ప్రతి టాక్సీ చప్పుడుకీ తల తిప్పాను. ఒకటి వచ్చింది. జర్మన్లు దిగారు.

అప్పుడు ఏడుపొచ్చింది. నా డబ్బుతో, నా ముచ్చటతో వచ్చిన ప్రయాణం. వీళ్లలో ఎవరికి ఏ మందు పడదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఇన్ని గంటల్లో ఒక్కరైనా "అక్క ఏదీ?" అనలేదా? ఏడుస్తూనే గోడవైపు చూస్తున్నాను. పక్కవాలు వెలుతురులో ప్రతి అతుకూ విడివిడిగా, నీడతో గీసినట్టు తేలింది. మధ్యాహ్నం నేను చూసిన గోడ ఇది కాదు. వెళ్లిపోయి ఉంటే దీన్ని చూసేదాన్నే కాదు. ఆ ఏడుపులో కూడా ఆ సంగతి తోచింది.

కోట మూసే వేళైందని కాపలావాడు ఈల ఊదాడు. సెబస్తియానా బుట్ట వీపుకి కట్టుకుని, నా మోచెయ్యి పట్టుకుంది.

ఎర్రజెండా

దిగే దారిలో ఒక ఇంటిముందు పొడుగు కర్రకి ఎర్రటి గుడ్డ కట్టి ఉంది. నా కాళ్లు ఆగిపోయాయి. మా గుంటూరు జిల్లాలో ఇంటిమీద ఎర్రజెండా ఉంటే అది పార్టీ ఆఫీసు. ఈ దేశంలో ఆ పార్టీవాళ్లు ఏం చేస్తున్నారో పేపర్లో చదివి ఉన్నాను. అమెరికా నుంచి వచ్చిన మనిషినని తెలిస్తే ఏమవుతుందో! సెబస్తియానా మాత్రం నన్ను లోపలికి లాక్కుపోయింది.

లోపల పార్టీవాళ్లెవరూ లేరు. ఐదారుగురు ఆడవాళ్లు గోడవారగా బల్లమీద కూర్చుని, బిందెంత గ్లాసుల్లో ఏదో తాగుతున్నారు. మొక్కజొన్న మొలకలతో కాచిన కల్లు అది. కల్లు సిద్ధంగా ఉందని దారినపోయేవాళ్లకి చెప్పడానికి కర్రకి ఎర్రగుడ్డ కడతారట. సెబస్తియానా తాగేముందు నాలుగు చుక్కలు నేలమీద ఒంపింది. మొదటి గుక్క భూమికి. అందరూ అలాగే ఒంపారు. నేనూ ఒంపాను. ఒంపిన తర్వాత తాగకపోతే బాగుండదు కదా. రెండు గుక్కలు తాగాను. పులిసిన గంజిలా, చల్లగా, బాగుంది. మా పాస్టరుగారు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను.

హోటలు వీధి మొదట్లో సెబస్తియానా ఆగింది. "ఫమీలియా," అని తలుపు వైపు చూపించి, నా వీపు తట్టి వెళ్లిపోయింది.

భోజనాల గదిలో

ప్రసాద్, విమల, షీలా సూప్ తాగుతున్నారు. నన్ను చూడగానే విమల, "వచ్చారా వదినా! కరుణ తలనొప్పి తగ్గిందా? ఇంతసేపు వాళ్ల రూమ్‌లోనే ఉండిపోయారు, పాపం," అంది.

"రా అక్కా, సూప్ చప్పగా ఉంది. గోంగూర సీసా నీ సంచిలోనే కదా?" అన్నాడు ప్రసాద్.

సీసా తీసి ఇచ్చాను. పైకి వెళ్లి కరుణ గది తలుపు తట్టాను. అది దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. "అన్నయ్య వాళ్లతో తినేశావా అక్కా? మంచిపని చేశావ్. నాకేం వద్దు," అంది కళ్లు తెరవకుండానే.

ఊఁ అన్నాను. తలుపు దగ్గరగా వేసి నా గదికి వచ్చాను.

స్టేషన్‌కి

పొద్దున్నే మచు పిచు వెళ్లే రైలు. కొండల్లో దాగిన ఇన్కాల ఊరది. ప్రపంచమంతా వచ్చేది దానికోసమే. హోటలు ముందు మళ్లీ అవే రెండు టాక్సీలు ఆగి ఉన్నాయి. అందరూ కులాసాగా ఉన్నారు.

"అత్తా, మా కార్‌లో రా," అంది షీలా.

"నో, పెద్దమ్మ మాతో వస్తుంది," అన్నాడు బాబీ.

"వదినగారూ, మా టాక్సీ ఎక్కండి. నిన్న వచ్చేటప్పుడు ప్రసాద్ గారి కార్‌లో వచ్చారు కదా," అన్నాడు డేవిడ్.

ప్రసాద్ సూట్‌కేసు ఎత్తబోతున్నవాడు ఆగాడు. "మా కార్‌లోనా? మీతో కదా వచ్చింది?"

నలుగురు పెద్దవాళ్లూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"నిన్న నేను ఏ కార్‌లోనూ లేను," అన్నాను.

టాక్సీవాడు హారన్ కొట్టాడు. కరుణే ముందు తేరుకుంది. "మరి ఎలా వచ్చావక్కా?"

"నడిచి."

"రాత్రి చెప్పలేదేం?"

"మీరు అడుగుతారేమోనని చూశాను."

కరుణ అక్కడే మెట్లమీద కూలబడి ఏడ్చింది. విమల నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. ప్రసాద్ తన తలమీద తనే కొట్టుకుని, "నన్ను తిట్టక్కా, గట్టిగా తిట్టు," అన్నాడు. తిట్టాను. నడివీధిలో, అచ్చ బాపట్ల భాషలో, ముప్పై ఏళ్లుగా తిట్టనివన్నీ కలిపి తిట్టాను. కుస్కో జనం నిలబడి విన్నారు. రైలు తప్పిపోతుందని డేవిడ్ అంటే అతనికీ రెండు పడ్డాయి.

రైలు దొరికింది. ఆ ఊరు ఎలా ఉంటుందో మీకు రాయాలనే ఉంది. మబ్బులు కింద, గోడలు పైన అని లుస్ చెప్పింది. పుస్తకాల్లో ఫోటోలున్నాయి. నా వరకు నేను సరిగ్గా చూడలేదు. రెండు అడుగులు వేస్తే ముందు నుంచి ప్రసాద్ "అక్కా, ఉన్నావా?" అంటాడు. ఒక రాతి దగ్గర వంగితే వెనక నుంచి కరుణ "అక్కా!" అంటుంది. మలుపు తిరిగితే డేవిడ్ పరుగెత్తుకొస్తాడు. పిల్లలిద్దరూ నా కోటు చెరో పక్కా పట్టుకున్నారు. ఒక్క గోడ దగ్గరన్నా నిలబడి అతుకు చూసుకునే వ్యవధి దొరకలేదు. ఆ రోజంతా "ఉన్నానర్రా, ఉన్నాను" అని పలకడంతోనే సరిపోయింది.